రాజ్యలక్ష్మి గారి తలుపు గడియ

వీడియో గేముల కంపెనీలో పనిచేసి రిటైరయ్యానంటే ఎల్బీ నగర్‌లో మా కాలనీవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. "ఆడుకునేదానికి గూడ జీతమిచ్చిన్రా నర్సింహా?" అని పొద్దున వాకింగ్‌లో అడుగుతారు. ఆడుకోవడానికి కాదు, వేరేవాళ్ళు తిరుగుతూ కాల్చుకునే ఊళ్ళు కట్టడానికి ఇచ్చారు. ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకు మొదటిదే ఇష్టం. నేనూ చెప్పడం మానేశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడుగుతుంటారు. అది నేర్పేవాళ్ళకు కరువు లేదు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ మెట్లెక్కినా ఒక బోర్డు కనిపిస్తుంది. నేను చెప్పగలిగింది ఒక తలుపు సంగతి. అది మా చేతుల్లో ఎట్లా పుట్టిందో, ఎట్లా మూసుకుపోయిందో, చివరికి దానికేమైందో చెబుతాను. ఇది చదివాక కూడా వస్తానంటే మీ ఇష్టం. నేను మాత్రం రమ్మని చెప్పను.

ఇల్లు ఎవరిది

నేను మొదట డ్రాఫ్ట్స్‌మన్‌ని. కాంట్రాక్టర్లకు ఇళ్ళ ప్లాన్లు గీసి బతికేవాణ్ణి. తర్వాత కంప్యూటర్లో ఇల్లు కట్టి, అందులో నడిచినట్టు చూపించే పని నేర్చుకున్నాను. అది చూసి ప్రసాద్ గారు నన్ను తన స్టూడియోలోకి పిలిచారు. ఆయనది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన మూడో అంతస్తు కిరాయికి తీసుకుని, విదేశీ గేములకు పనిచేసే స్టూడియో పెట్టారు. మాకు దొరికింది ఒక పేరున్న షూటర్ గేమ్. షూటర్ అంటే తుపాకీ పట్టుకుని ఒకరినొకరు కాల్చుకునే ఆట. ఆ కాల్పులు జరిగే ఊరిని మ్యాప్ అంటారు. సందులు, మేడలు, గోడలు, చాటుగా దాక్కునే చోట్లు అన్నీ మేమే కట్టాలి.

పిల్లలు ముందు తెలుసుకోవాల్సింది పబ్లిషర్ గురించి. గేమ్ తయారుచేసేది ఒకరు, డబ్బు పెట్టి అమ్మేది ఇంకొకరు. ఆ డబ్బు పెట్టేవాడే పబ్లిషర్. గేమ్ ఎప్పుడు రావాలో, అందులో ఏది ఉండాలో, ఏది పోవాలో చివరి మాట అతనిదే. మన పేరు ఆట చివర అక్షరాల్లో వస్తుంది, అది కూడా చాలా కిందికి జరిపితే.

ఈ గేమ్ మొదటి భాగాన్ని అక్కడెక్కడో కొద్దిమంది మిత్రులు కలిసి చేశారు. నిదానమైన ఆట. గోడ పక్కన కూర్చుని అడుగుల చప్పుడు వినాలి, ఊపిరి బిగబట్టాలి. ఒక్క గుండు కాల్చాలంటే పదిసార్లు ఆలోచించాలి. జనానికి పిచ్చిగా నచ్చింది. నచ్చిందనే పబ్లిషర్ ఆ మిత్రుల కంపెనీని మొత్తంగా కొనేశాడు. కొన్నాక ఏటా ఒక భాగం రావాలన్నాడు. ఏడాదిలో అంత పని ఆ కొద్దిమంది వల్ల కాదు. అందుకని పనిని ముక్కలు చేసి పంచారు. తుపాకులు ఒక దేశానికి, మొహాలు ఇంకో దేశానికి, మ్యాపులు దిల్‌సుఖ్‌నగర్‌కు. కథకు ఏడాది చాలదని కథనే తీసేశారు. మా జీతాలు ఆ నిర్ణయంలోంచే వచ్చాయి కాబట్టి దాన్ని తిట్టేటప్పుడు నాకు కాస్త మొహమాటం ఉంటుంది. అయినా తిడతాను.

బంద్ రోజుల పని

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి ర్యాలీ. సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. మా ఆఫీసులో సగంమంది నల్గొండ, వరంగల్ వైపు వాళ్ళు, సగంమంది కోస్తా వాళ్ళు. చాయ్ దగ్గర గొంతులు లేచేవి, ఒకసారి ఒక కప్పు కూడా లేచింది. కానీ బంద్ రోజు కింద టిఫిన్ సెంటర్ మూతపడితే ఇంటి నుంచి ఎవరు డబ్బా తెస్తే దాని చుట్టూ అందరం చేరేవాళ్ళం. పబ్లిషర్ తరఫు మేనేజర్లు వీడియో కాల్లో మా బంద్ ఎప్పుడు అయిపోతుందని అడిగేవాళ్ళు, వాన ఎప్పుడు తగ్గుతుందని అడిగినట్టు. అక్కడ డిజైన్ చూసే ఆండ్రూ అనే ఆయన ఒక్కడే మీవాళ్ళంతా బాగున్నారా అనేవాడు. మొదటి భాగం చేసిన మిత్రుల్లో ఆయనొకడు.

మాకు బంద్ వల్ల ఒక లాభం ఉండేది. గేముకు చప్పుళ్ళు కావాలి: చెప్పుల చప్పుడు, షట్టరు చప్పుడు, బకెట్ కింద పడ్డ చప్పుడు. సౌండ్ స్టూడియోకు పెట్టే స్తోమత ప్రసాద్ గారికి లేదు. మామూలు రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో రికార్డర్ తీస్తే హారన్లు తప్ప ఇంకేం పడదు. బంద్ రోజున మాత్రం చౌరస్తా దాకా నిశ్శబ్దం. అందుకని బంద్ అని టీవీలో రాగానే మా సునీత రికార్డర్ ఛార్జింగ్ పెట్టేది. పక్కింటివాళ్ళు పాలు, కూరగాయలు ముందే తెచ్చిపెట్టుకుంటుంటే ఈ పిల్ల బ్యాటరీలు చూసుకునేది.

సునీత నా టీంలో లెవెల్ డిజైనర్, అంటే మ్యాపులు ఊహించి కట్టే మనిషి. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన కుటుంబం, తండ్రి ఆర్టీసీలో మెకానిక్. ఆదివారం చర్చికి పోనిస్తే మిగతా ఆరు రోజులు ఎంత పనైనా చేసేది. మొండిది. నాతో వాదించి నన్ను నోరు మూయించిన మనిషి ఆఫీసులో ఆమె ఒక్కతే.

ఒక బంద్ రోజు మధ్యాహ్నం ఆమె ఆయాసపడుతూ పైకొచ్చింది. కళ్ళు ఎర్రగా వాచిపోయాయి. కుర్చీలో కూలబడి చెప్పింది.

"గల్లీల చప్పుళ్ళు రికార్డు చేస్తున్న సార్. పోలీసోళ్ళు గ్యాస్ కొట్టిన్రు, ఒక్కసారే పొగొచ్చింది, కండ్లు మండుతున్నయ్. అందరు మెయిన్ రోడ్డు దిక్కు ఉరికిన్రు, నేను లోపలికి ఉరికిన. గా మూలకు గల్లీ ఖతమైంది సార్, గోడ. ఇగ అయిపోయిందనుకున్న. గప్పుడు గడియ తీసిన చప్పుడైంది. 'లోపలికి రండమ్మా, త్వరగా' అన్నది ఒకామె. ఆంధ్రా ఆమె సార్. నా ఎన్క జై తెలంగాణ అన్న పోరలు నలుగురొచ్చిన్రు, ఆళ్ళను గూడ లోపలికి తీస్కున్నది."

"ఏమన్లేదా?" అన్నాను.

"అన్నది. 'మీరు మా మీద అరుస్తున్నారో, మా కోసం అరుస్తున్నారో నాకు తెలీదు గానీ, ముందు మొహాలు కడుక్కోండి' అన్నది." చెబుతూనే నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆమే రాజ్యలక్ష్మి గారు. భర్త చిన్న ఉద్యోగంలో ఇక్కడికొచ్చి, ఆ సందు చివర ఇల్లు కట్టుకుని, తర్వాత పోయారు. ఆమె ఒక్కరే ఉండేవారు. తర్వాతి బంద్‌కు సునీత ఆ ఇంటికి రికార్డర్ పట్టుకుని వెళ్ళింది, నన్ను కూడా తీసుకుపోయింది. నీలం రంగు తలుపు, లోపల పెద్ద ఇనుప గడియ. తీస్తే ముందు ఒక ఈడ్పు, మధ్యలో తుప్పు దగ్గర చిన్న తడబాటు, ఆ తర్వాత ఠక్కుమని పడేది. "ఆ మధ్యలో ఆగేదానికి నూనె వేస్తానంటూనే మా ఆయన పోయారండీ," అన్నారామె. సునీత ఆ చప్పుడు పదే పదే రికార్డు చేసుకుంది. వచ్చేటప్పుడు మాటిచ్చింది, "గేమ్ వచ్చినంక మీ తలుపు ఫస్ట్ మీకే చూపిస్త ఆంటీ" అని.

తెరుచుకున్న తలుపు

ఆ నెలలో సునీత కట్టిన మ్యాప్ లాంటిది నా ఉద్యోగం మొత్తంలో ఇంకొకటి చూడలేదు. ఇరుకు సందుల ఊరు. ప్రతి సందులో కొన్ని తలుపులు. కాల్పుల మధ్య పరుగెత్తి ఏదైనా తలుపు తడితే లోపలి నుంచి ఒకామె గడియ తీస్తుంది, కాసేపు లోపల ప్రాణం దక్కుతుంది. అయితే ఒక షరతు. ఆ సందులో అంతకు కాసేపు ముందు నువ్వు ఎవరినైనా కాల్చి ఉంటే ఆ తలుపు తెరుచుకోదు. ఎంత తట్టినా తెరుచుకోదు. ఆటగాడికి ఎక్కడా రాసి చెప్పలేదు, ఆడుతూ ఆడుతూ వాడికే తెలియాలి.

మేమే ఆడి చూశాం. కోచింగ్ సెంటర్ కుర్రాళ్ళను పిలిచి ఆడించాం. మొదట గుడ్డిగా కాల్చినవాళ్ళే తర్వాత తుపాకీ దించి నడవడం మొదలుపెట్టారు. గడియ చప్పుడు వినబడగానే గదంతా "హమ్మయ్య" అనేది. ఆండ్రూ ఆడి, వెంటనే వీడియో కాల్లోకి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఈ ఆటలో కాల్చడానికి కాని మనిషిని పెట్టింది మీరేనన్నాడు. సునీత మ్యూట్ నొక్కి ఏడ్చింది. ఆ రోజు నాకు కలిగిన గర్వం దాచుకోను. గొప్పగా అనిపించింది.

ఒక్కో తలుపూ

మా స్టూడియోలో నేను నేర్చుకున్న చేదు పాఠం ఇది: మంచి పనిని ఎవరూ ఒక్క దెబ్బకు చంపరు. ఒక్కో మీటింగ్‌లో కొంచెం కొంచెం తీసేస్తారు, ప్రతి మీటింగ్‌లోనూ కారణం సబబుగానే ఉంటుంది.

ముందు ఆ గడియ తీసే ఆమెను తీసేశారు. ఆయుధం లేని మనిషి ఆటలో ఉంటే కొందరు ఆటగాళ్ళు ఆమెనే కాలుస్తారు, అప్పుడు ఎంత వయసువాళ్ళు ఆడవచ్చో నిర్ణయించే సంస్థతో గొడవ, అమ్మకం తగ్గుతుంది. తప్పని అనగలరా? అనలేం. తలుపు దానంతట అదే తెరుచుకునేట్టు చేశాం.

తర్వాత షరతు పోయింది. విడుదలకు ముందు పరీక్షకని కొంతమందికి ఆట ఇచ్చారు. కాల్చినవాడికి తలుపు తెరుచుకోకపోతే వాడు ఆట పాడైందనుకుని కంపెనీకి ఫిర్యాదు రాస్తున్నాడట. ఆటగాణ్ణి శిక్షించకూడదని పైనుంచి మాట. ఆండ్రూ దానికి అడ్డుపడ్డాడని విన్నాం. రెండు వారాల తర్వాత కాల్‌లో ఆయన స్థానంలో వేరే మనిషి కూర్చుని ఉన్నాడు. ఆండ్రూ వేరే అవకాశాలు చూసుకుంటున్నాడని చెప్పాడు.

ఆ తర్వాత వచ్చిన మాట విని నేను నిజంగా లేచి నిలబడ్డాను. తలుపుకు తాళం పెట్టి, తాళంచెవి అమ్ముదామన్నారు. కొన్నవాడికే తలుపు తెరుచుకుంటుంది.

సునీత ప్రసాద్ గారి గదిలోకి దూసుకుపోయింది. వెనకే నేను. "సార్, పానం మీదికొచ్చి తలుపు కొడితే పైసలడుగుతరా? గా ఆంటీ మమ్మల్ని అడిగిందా? ఇది చెయ్య సార్ నేను."

ప్రసాద్ గారు చెడ్డవారు కాదు. ఆలస్యమైనా జీతం ఎగ్గొట్టని మనిషి, సమ్మె రోజుల్లో మా పిల్లలను తన కారులో ఇళ్ళకు దింపిన మనిషి. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అమ్మా, మనం అద్దెకున్నవాళ్ళం. గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాలి కదా. ఈ పని మనం చెయ్యకపోతే రేపు ఇంకో ఊళ్ళో చేస్తారు. నువ్వు చేస్తే కనీసం తలుపన్నా ఉంటుంది."

సునీత నా వైపు చూసింది. "చెయ్యి బిడ్డా," అన్నాను. ఇవాళ్టికీ అదే అంటానేమో. ఆ మెట్లెక్కి తెచ్చుకునే జీతం మీద ముప్పై కుటుంబాలు బతుకుతున్నాయి.

ఆ పరీక్షలోనే తాళంచెవులు అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళు ఇళ్ళలో కూర్చున్నారు, కొననివాళ్ళు వీధుల్లో చచ్చి, విసుగొచ్చి వెళ్ళిపోయారు. ఈలోపు పబ్లిషర్‌కు ఇంకా పెద్ద లాభం కనబడింది. తుపాకులకు రంగురంగుల తొడుగులు, కొత్త చప్పుళ్ళు అమ్మడం. ఆటలో నువ్వు చచ్చిపోతే నిన్ను చంపినవాడి తుపాకీ తెర మీద మెరుస్తూ కనబడుతుంది. అదే వాళ్ళ షాపు అద్దం. ఎంతమంది ఎంత త్వరగా చస్తే అంతమంది ఆ అద్దంలోకి చూస్తారు. ఇంట్లో దాక్కున్నవాడు చావడు, చావనివాడు చూడడు, చూడనివాడు కొనడు. లెక్కలు చూసే కొత్త మనిషి ఇదంతా బొమ్మలతో, చాలా మర్యాదగా వివరించాడు. చివర్లో ఏమైనా ప్రశ్నలున్నాయా అని కూడా అడిగాడు.

తలుపులన్నీ మూసేశాం. గోడ మీద తలుపు బొమ్మ అంటించాం, అంతే. నీలం రంగు సునీత వదల్లేదు, ఎవరూ అడగలేదు కూడా.

అందులో ఒక్క దుర్మార్గుడు దొరికినా వాణ్ణి తిట్టుకుని నెమ్మదిగా ఉండేవాణ్ణి. ఎవరూ దొరకలేదు. ఎవరి పని వాళ్ళు చక్కగా చేశారు. నాకు ఇందులో ఎక్కువ నిరాశ కలిగించింది అదే.

ఆపేశారు

తలుపులు మూశాక ఆ మ్యాప్ విడిగా డబ్బులకు అమ్మారు. కొన్నవాళ్ళు కొద్దిమందే, వాళ్ళు కొద్దిమందే కాబట్టి ఆడదామంటే ఎదుటివాళ్ళు దొరికేవాళ్ళు కాదు. మరుసటి ఏడు కొత్త భాగం రాగానే అందరూ అటు పోయారు. పాత భాగం నడిపే కంప్యూటర్లకు ఖర్చు దండగని కొంతకాలానికి వాటిని ఆపేశారు. ఈ ఆట ఆ కంప్యూటర్లతో కలిస్తేనే తెరుచుకుంటుంది. డబ్బిచ్చి కొన్న డిస్కు ఇంట్లో ఉన్నా లాభం లేదు.

ఆపే రోజు నేనూ సునీతా ఆఫీసులో కూర్చుని లోపలికి వెళ్ళాం. ఊళ్ళో మేమిద్దరమే. సందు చివరిదాకా నడిచి ఆమె నీలం తలుపు ముందు నిలబడింది. తట్టే మీట నొక్కుతూనే ఉంది. బొమ్మ కదా, ఏమీ కాలేదు. కాసేపటికి తెర నల్లబడి, కొత్త భాగం కొనండి అనే ప్రకటన వచ్చింది.

"మనం చేసింది యాడుంది సార్ ఇప్పుడు?" అంది. నేను ప్లాన్లు గీసిన ఇళ్ళు ఎల్బీ నగర్‌లో ఇంకా నిలబడి ఉన్నాయి, వాటి మీద బట్టలు ఆరేసుకుంటున్నారు. ఈ ఊరు ఎక్కడా లేదు.

రాష్ట్రం వచ్చింది. మిఠాయిలు పంచుకున్నాం, ప్రసాద్ గారు కూడా తిన్నారు. ఆ తర్వాత పబ్లిషర్ ఇంకా చవకైన ఊరు వెతుక్కున్నాడు, స్టూడియో మూతపడింది. సునీత ఇప్పుడు ఇంటీరియర్ కంపెనీలో వంటగదులు గీస్తోంది. "గీటిల తలుపులన్ని తెరుచుకుంటయ్ సార్," అంటుంది ఎప్పుడు కలిసినా.

ప్లాట్‌ఫామ్ మీద

రిటైరయ్యాక ఒక సాయంత్రం ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాను. పక్కన ఒక కుర్రాడు ఫోన్లో గేమ్ ఆడుతున్నాడు. ఉన్నట్టుండి ఆ ఫోన్లోంచి ఒక చప్పుడు వచ్చింది. ఒక ఈడ్పు, మధ్యలో చిన్న తడబాటు, ఆ తర్వాత ఠక్. మళ్ళీ అదే. మళ్ళీ అదే.

"ఏం చప్పుడు బాబూ అది?"

"గన్ లోడింగ్ అంకుల్. కొత్తగొచ్చింది, సౌండ్ మస్తుంటది. పైసలు పెట్టి కొన్న." ఆనందంగా ఇంకోసారి లోడ్ చేసి వినిపించాడు.

ఆ ఫోన్ గేమ్ కూడా మా పబ్లిషర్‌దే, ఎట్లా జరిగిందో నాకు అర్థమైపోయింది. మేం చేసిన ప్రతి చప్పుడూ పబ్లిషర్ సొత్తు, వాళ్ళ గోదాములోకి పోతుంది. పేరు మాత్రం ఎవరిదో, ఎక్కడిదో పెట్టకూడదు. ఏ లోహం, ఎట్లాంటి కదలిక అన్నదే పెట్టాలని వాళ్ళ నియమం. సునీత దానికి రాజ్యలక్ష్మి ఆంటీ తలుపు అని పెడతానంటే ఒప్పుకోలేదు. ఇనుము, బరువు, ఈడ్పు అని పెట్టించారు. బంద్ నాటి నిశ్శబ్దంలో తీసింది, వెనక ఒక్క హారన్ లేదు. తుపాకీకి మంచి ఇనుప చప్పుడు వెతుక్కునే మనిషికి అంతకంటే ఏం కావాలి?

సునీతకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె వెంటనే ఆ గేమ్ ఫోన్లోకి దించుకుని, ఆ తుపాకీ కొనుక్కుంది. "ఆంటీకి పోయిన వారం గూడ ఫోన్ చేసిన సార్," అంది. "నా తలుపు ఎప్పుడు చూపిస్తావని అడిగింది. చూపియ్యనీకి లేదు. ఇనిపిస్త. రాండ్రి."

రాజ్యలక్ష్మి గారి ఇల్లు ఇప్పుడు లేదు. అపార్ట్‌మెంట్‌కు ఇచ్చేశారు, నీలం తలుపు పాత సామాన్ల బండి మీద పోయింది. అదే చోట మూడో అంతస్తులో ఆమె ఫ్లాటు. తలుపుకు నొక్కితే పడే తాళం, దాని చప్పుడే వినబడదు. ఆమెకు చూపు బాగా తగ్గింది, మమ్మల్ని గొంతును బట్టి పోల్చుకున్నారు. "సునీతేనా? నల్లబడ్డావా, చిక్కావా, నాకేం కనబడదు, నువ్వే చెప్పు," అన్నారు నవ్వుతూ.

సునీత ఆమె పక్కన కూర్చుని ఫోన్ చెవి దగ్గర పెట్టింది. తెర మీద తుపాకీ. ఈడ్పు, తడబాటు, ఠక్.

ఆమె చెయ్యి గాలిలో ఆగింది. "మా గడియే!" అన్నారు. "అదే, మధ్యలో ఆగేది... మా ఆయన నూనె వెయ్యని చోటు. అయ్యో, ఎన్నాళ్ళకు విన్నానమ్మా." ఆమె మొహం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను. "అయితే పెట్టావన్నమాట ఆటలో. మాట తప్పలేదు నువ్వు."

"తప్పలేదు ఆంటీ," అంది సునీత.

"ఇప్పుడు ఎవరొచ్చారమ్మా లోపలికి? అందరూ క్షేమంగా ఉన్నారా?"

సునీత తెర వైపు చూసింది. అందులో ఎవరో కింద పడిపోతున్నారు.

"క్షేమమే ఆంటీ."

"ఇంకోసారి పెట్టమ్మా," అన్నారామె.

సునీత మళ్ళీ తుపాకీ లోడ్ చేసింది.